సెకండ్ బేస్ ఎవరిది? 1948కి ముందు బ్రూక్లిన్ వేసిన లెక్క

ఐపీఎల్ రిటెన్షన్ లిస్ట్ వచ్చిన రోజు మన గ్రూపుల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. "వాడిని ఎందుకు వదిలేశార్రా, వీళ్లకేమన్నా పిచ్చా?" అని అర్ధరాత్రి దాకా గొడవ. అమెరికాలో బేస్‌బాల్ ఫ్యాన్స్ కూడా అంతే. ప్రతి చలికాలం కూర్చుని, వచ్చే సీజన్‌కి మన టీమ్‌లో ఏ పొజిషన్ ఎలా ఉండబోతోంది అని లెక్కలు వేస్తారు. ఈరోజు అలాంటి ఒక పాత లెక్క చూద్దాం. టీమ్ బ్రూక్లిన్ డాడ్జర్స్. పొజిషన్ సెకండ్ బేస్. టైమ్, 1947 సీజన్ అయిపోయి 1948 ఇంకా మొదలవ్వకముందు.

జాకీ రాబిన్సన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1947 ఏప్రిల్ 15న మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన నల్లజాతి ఆటగాడు. అంతకుముందు అరవై ఏళ్లకి పైగా ఆ లీగ్‌లో నల్లవాళ్లని ఆడనివ్వలేదు. ఆ తేదీ గురించి బోలెడు వీడియోలున్నాయి. కానీ నన్నడిగితే, దాని తర్వాత పదకొండు నెలలకి జరిగిన ఒక ట్రేడ్ కూడా అంతే ముఖ్యం. దాని గురించే ఈ ఎపిసోడ్.

ముందు ఆట అర్థమవ్వాలి కాబట్టి రెండే ముక్కల్లో చెప్తాను. నాలుగు బేస్‌లు, డైమండ్ ఆకారంలో. బాల్ కొట్టినవాడు ఫస్ట్ బేస్‌కి పరిగెత్తాలి, అక్కడి నుంచి సెకండ్, థర్డ్, చివరికి హోమ్. సెకండ్ బేస్‌మన్ అంటే ఫస్ట్‌కి, సెకండ్‌కి మధ్య నిలబడేవాడు. వాడి అసలు పరీక్ష డబుల్ ప్లే. బాల్ అందుకోవాలి, సెకండ్ బేస్ మీద కాలు పెట్టి ఒకడిని అవుట్ చేయాలి, వెంటనే తిరిగి ఫస్ట్ బేస్‌కి విసిరి ఇంకొకడిని అవుట్ చేయాలి. ఇదంతా చేస్తుంటే ఫస్ట్ బేస్ నుంచి వచ్చే రన్నర్ స్పైక్స్ ఉన్న షూస్‌తో జారుకుంటూ నేరుగా వీడి కాళ్ల మీదకి వస్తాడు. ఆ రోజుల్లో అలా పడగొట్టడం మామూలు విషయం. పైగా చాలాసార్లు వచ్చేవాడి వైపు సరిగ్గా చూసే టైమ్ కూడా వీడికి ఉండదు.

ఇప్పుడు రాబిన్సన్ దగ్గరికి వద్దాం. 1946లో డాడ్జర్స్ అతన్ని ముందు కెనడాలో ఉన్న తమ కింది స్థాయి టీమ్, మాంట్రియల్ రాయల్స్‌కి పంపారు. అక్కడ ఆడింది సెకండ్ బేస్‌లోనే. బ్యాటింగ్ యావరేజ్ .349, లీగ్‌లోనే టాప్. .349 అంటే వెయ్యిసార్లు ప్రయత్నిస్తే 349 హిట్లు. బేస్‌బాల్‌లో .300 దాటితేనే గొప్ప.

మరి 1947లో బ్రూక్లిన్‌కి తెచ్చి ఎక్కడ పెట్టారు? ఫస్ట్ బేస్‌లో. అతనికి అలవాటు లేని పొజిషన్. సీజన్ ముందు ప్రాక్టీస్ క్యాంప్‌లో నేర్చుకుని, నేరుగా మేజర్ లీగ్‌లో దిగాడు.

నాకు ఇది చదివినప్పుడు నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. కోడింగ్ నేర్చుకుని జాయినైతే టెస్టింగ్‌లో వేశారు. "ప్రస్తుతానికి ఇందులో ఉండు, తర్వాత చూద్దాం" అన్నారు. మీలో సగం మందికి ఇదే అనుభవం ఉండుంటుంది. కానీ నేను తప్పు చేస్తే ఒక బగ్ మిస్సయ్యేది, అంతే. రాబిన్సన్ తప్పు చేస్తే, "చూశారా, నల్లవాళ్లు ఈ లీగ్‌కి పనికిరారు" అనడానికి లక్షల మంది రెడీగా ఉన్నారు.

ఎందుకు ఫస్ట్ బేస్? సింపుల్. టీమ్‌లో ఖాళీ అక్కడుంది. షార్ట్‌స్టాప్‌లో పీ వీ రీస్ ఉన్నాడు. సెకండ్ బేస్‌లో ఎడ్డీ స్టాంకీ ఉన్నాడు. ఇంకో కోణం కూడా ఉంది. ఫస్ట్ బేస్‌లో రన్నర్లు మామూలుగా మీదకి జారుకుంటూ రారు. అక్కడ కూడా ప్రమాదం లేదని కాదు. ఆ ఆగస్టులో కార్డినల్స్ ఆటగాడు ఈనోస్ స్లాటర్ పరుగులో రాబిన్సన్ కాలిని స్పైక్స్‌తో తొక్కాడు. కావాలని చేయలేదని అతనన్నాడు, చూసినవాళ్లు చాలామంది నమ్మలేదు. ఫస్ట్ బేస్‌లోనే ఇలా ఉంటే, సెకండ్ బేస్ ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

అయినా ఆ ఏడాది 151 మ్యాచ్‌లు, అన్నీ ఫస్ట్ బేస్‌లోనే ఆడాడు. .297 యావరేజ్, 125 పరుగులు, 29 బేస్ దొంగతనాలు. దొంగతనం అంటే పిచ్చర్ ఏమరుపాటులో ఉండగా తర్వాతి బేస్‌కి పరిగెత్తేయడం. అందులో లీగ్ టాప్ అతనే. రూకీ ఆఫ్ ద ఇయర్ అవార్డు వచ్చింది. టీమ్ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి ఏడో మ్యాచ్‌లో యాంకీస్ చేతిలో ఓడింది.

సరే, ఇప్పుడు 1947 డిసెంబర్‌లో మీరు డాడ్జర్స్ ఫ్యాన్ అనుకోండి. వచ్చే ఏడాది సెకండ్ బేస్ సంగతేంటి అని ఎవరైనా అడిగితే ఏమంటారు? "దానికేం దిగుల్లేదు, స్టాంకీ ఉన్నాడు" అంటారు. అనాలి కూడా. స్టాంకీ భారీ హిట్టర్ కాదు, కానీ పిచ్చర్లకి తలనొప్పి. పిచ్చర్ నాలుగు చెడ్డ బాల్స్ వేస్తే బ్యాటర్‌కి ఫస్ట్ బేస్ ఉచితం, దాన్ని వాక్ అంటారు. 1945లో స్టాంకీ 148 వాక్‌లు సంపాదించాడు, అప్పటికి నేషనల్ లీగ్ రికార్డ్. 1946లోనూ లీగ్ టాప్ అతనే. 1947లో ఆల్‌స్టార్. జనానికి ఇష్టమైనవాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. 1947 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా టీమ్ మేనేజర్ బెన్ చాప్‌మన్, అతని ఆటగాళ్లు రాబిన్సన్‌ని నోటికొచ్చినట్టు జాతి పేరుతో తిట్టారు. అప్పుడు వాళ్ల మీదకి గొంతెత్తింది ఈ స్టాంకీయే. ఎదురు తిరగలేడని తెలిసి అతన్ని తిడుతున్నారని, పిరికివాళ్లని కడిగేశాడు. అంటే ఈ కథలో విలన్ స్టాంకీ కాదు. ఇద్దరూ ఒకే కుర్చీకి సరిపోయే మనుషులు, కుర్చీ ఒక్కటే.

1948 మార్చిలో డాడ్జర్స్ బాస్ బ్రాంచ్ రికీ స్టాంకీని బోస్టన్ బ్రేవ్స్‌కి ట్రేడ్ చేసేశాడు. సెకండ్ బేస్ రాబిన్సన్‌కి ఇచ్చాడు.

ఇది ఎంత పెద్ద విషయమో గమనించండి. 1947లో ఖాళీగా ఉన్న చోట ఒక నల్లజాతి ఆటగాడిని నిలబెట్టారు. వర్కవుట్ కాకపోతే తీసేయొచ్చు. 1948లో అలా కాదు. బాగా ఆడుతున్న, జనం ప్రేమించే ఒక తెల్లజాతి రెగ్యులర్ ప్లేయర్‌ని పంపించేసి ఆ చోటు ఇతనిది అన్నారు. వెనక్కి వెళ్లే దారి మూసేశారు. ట్రయల్ అయిపోయింది, పర్మనెంట్ చేశారు.

మరి రిజల్ట్? ఇక్కడ నేను నిజాయితీగా చెప్పాలి. మొదట్లో లెక్క తప్పినట్టే కనిపించింది. చలికాలమంతా విందులు, సభలు, టూర్లు తిరిగి రాబిన్సన్ పది కేజీలకి పైగా బరువు పెరిగి క్యాంప్‌కి వచ్చాడు. మేనేజర్ లియో డ్యురోషర్‌కి ఒళ్లు మండింది. రాబిన్సన్ సీజన్ నెమ్మదిగా మొదలైంది. మధ్యలో కొన్ని మ్యాచ్‌లు మళ్లీ ఫస్ట్ బేస్‌లో ఆడాల్సి వచ్చింది. ఆ చోటుకి క్యాచర్‌గా ఉన్న గిల్ హాడ్జెస్‌ని మార్చాకే అన్నీ సర్దుకున్నాయి. డాడ్జర్స్ మూడో స్థానంలో ముగించారు. లీగ్ గెలిచింది ఎవరో తెలుసా? బోస్టన్ బ్రేవ్స్. అవును, స్టాంకీ వెళ్లిన టీమే. కాలు విరిగి చాలా మ్యాచ్‌లు పోయినా, ఆడినన్ని రోజులు అతను .320 కొట్టాడు.

ఆ రోజుల్లో సోషల్ మీడియా ఉంటే రికీని ఎంత ట్రోల్ చేసేవాళ్లో! కానీ అదే ఏడాది చివర్లో నంబర్లు జాగ్రత్తగా చూసినవాళ్లకి ఇంకో సంగతి కనిపించేది. బరువు తగ్గాక రాబిన్సన్ కోలుకుని .296తో ముగించాడు. ఫీల్డింగ్ శాతంలో నేషనల్ లీగ్ సెకండ్ బేస్‌మన్లలో మొదటి స్థానం.

1949కి లెక్క తేలిపోయింది. .342తో బ్యాటింగ్ టైటిల్, 37 దొంగతనాలు, లీగ్ ఎంవీపీ. డాడ్జర్స్ ఒక్క మ్యాచ్ తేడాతో లీగ్ గెలిచారు. స్పైక్స్‌తో మీదకొచ్చే రన్నర్లని తట్టుకుంటూ, రీస్‌తో కలిసి ఏళ్ల తరబడి డబుల్ ప్లేలు చేశాడు. కెరీర్ మొత్తంలో అతను ఎక్కువ మ్యాచ్‌లు ఆడింది సెకండ్ బేస్‌లోనే.

ఇక చివరి ముక్క, నాకు బాగా నచ్చింది. 1953 వచ్చేసరికి అదే ప్రశ్న మళ్లీ వచ్చింది, వచ్చే ఏడాది సెకండ్ బేస్ ఎవరు అని. ఈసారి తప్పుకోవాల్సింది రాబిన్సన్. వచ్చిన కుర్రాడు జిమ్ గిల్లియమ్, అతనూ నల్లజాతి ఆటగాడే. రాబిన్సన్ థర్డ్ బేస్‌కి, లెఫ్ట్ ఫీల్డ్‌కి మారాడు. గిల్లియమ్ ఆ ఏడాది రూకీ ఆఫ్ ద ఇయర్. అంటే 1947లో "వీడిని ఇక్కడ నిలబడనిస్తారా?" అన్న ప్రశ్న, ఆరేళ్లలో "వీళ్లిద్దరిలో ఎవరు బాగా ఆడతారు?" దాకా వచ్చింది. అందరి మనసులూ మారిపోయాయని కాదు. గిల్లియమ్ రావడం వల్ల థర్డ్ బేస్‌లో బిల్లీ కాక్స్ చోటు పోతుందని టీమ్‌లో గొణుగుడు నడిచింది. కానీ ప్రశ్న మారింది, అది చిన్న విషయం కాదు.

అందుకే ఎవరికైనా మొదటి ఛాన్స్ ఇచ్చారంటే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కానీ రెండో ఏడాది కూడా చూడండి. వాళ్ల కోసం టీమ్ దేన్నైనా వదులుకుందా, వాళ్లకి తెలిసిన పని వాళ్ల చేతికిచ్చిందా, మొదటి మూడు నెలలు సరిగ్గా ఆడకపోతే ఓపిక పట్టిందా? 1948లో బ్రూక్లిన్ ఓడిపోయింది కానీ, ఈ మూడూ చేసింది.

మీ లైఫ్‌లో కూడా "ప్రస్తుతానికి ఇందులో ఉండు" అని ఎవరైనా అనుంటే, తర్వాత మీ చోటు మీకు దొరికిందా లేదా కామెంట్స్‌లో రాయండి. అన్నీ చదువుతాను. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.