మూసిన తలుపు, గీసిన గీత: యూదులు, పాలస్తీనీయులు, కెనడా

టొరంటో, మాంట్రియల్, కాల్గరీ లాంటి పెద్ద ఊళ్లలో ఎక్కడ పనిచేసినా మన చుట్టుపక్కల పాలస్తీనా వాళ్లు ఉంటారు, యూదులూ ఉంటారు. 2023 అక్టోబర్ తర్వాత గోదాముల్లో, హోటల్ కిచెన్లలో, వృద్ధుల ఇళ్లలో ఈ మాట తరచుగా వస్తూనే ఉంది. మనవాళ్లు చాలామంది "అది వేల ఏళ్ల మత గొడవ, మనకెందుకులే" అని తప్పుకుంటారు. నిజానికి ఇది అంత పాతదీ కాదు, మనకు అంత దూరందీ కాదు. ఈ గొడవ ముదిరింది గత నూరేళ్లలోనే. అందులో మనం బతుకుతున్న కెనడా చెయ్యి ఉంది, మన ఇండియా మాట కూడా ఉంది. పరాయి దేశంలో పర్మిట్ మీద బతికేవాళ్లం కాబట్టి ఈ చరిత్ర మనకు తెలియాలి.

ఆశ్రయం వేరు, సొంతగడ్డ వేరు

ముందు రెండు మాటలు విడదీసి చూద్దాం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తలదాచుకునే చోటు ఆశ్రయం. "నువ్వు ఇక్కడెందుకు ఉన్నావు" అని ఎవరూ అడగలేని చోటు సొంతగడ్డ.

మన తెలుగువాళ్లకు ఇది కొత్త అనుభవం కాదు. తరాల తరబడి రంగూన్ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన మనవాళ్లు 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. 1960లలో బర్మా ప్రభుత్వం వ్యాపారాలు స్వాధీనం చేసుకున్నాక ఇంకా ఎంతోమంది కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు అలా వచ్చిందే. వాళ్లు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. కానీ తిరిగి రావడానికి వాళ్లకు ఒక దేశం ఉంది. 1939లో యూరప్ యూదులకు అలాంటి దేశం లేదు. 1948లో పాలస్తీనీయులకు ఊరు ఉంది, ఇల్లు ఉంది, తిరిగి వెళ్లే దారే లేదు. ఈ రెండు బాధలూ ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో చూడాలి.

పాలస్తీనా మీద యూదుల మాట ఇది: మా ప్రార్థనల్లో, పండుగల్లో జెరూసలేం ఎప్పుడూ ఉంది, మావాళ్లు కొందరు అక్కడే ఉంటూ వచ్చారు, యూరప్‌లో మమ్మల్ని తరాలుగా తరుముతున్నారు, మాకంటూ ఒక దేశం కావాలి. 1897లో బాసెల్‌లో జరిగిన సభతో ఈ కోరిక ఉద్యమంగా మారింది. పాలస్తీనా అరబ్బుల మాట ఇది: ఈ పొలాలు, ఈ ఆలివ్ తోటలు మా తాతముత్తాతలవి, మమ్మల్ని అడక్కుండా మా నేలను ఇంకొకరికి ఎలా ఇస్తారు? 1917 నవంబర్ 2న బ్రిటన్ మంత్రి బాల్ఫోర్ పాలస్తీనాలో యూదులకు "జాతీయ నివాసం" ఏర్పాటుకు మద్దతిస్తామని ఉత్తరం రాసినప్పుడు అక్కడి జనంలో దాదాపు పదింట తొమ్మిది మంది అరబ్బులు. ఆ ఉత్తరంలో వాళ్ల పేరే లేదు. "యూదులు కాని సముదాయాలు" అని మాత్రం ఉంది.

రెండు ఓడలు

కెనడా పాత్ర తెలియాలంటే రెండు ఓడల సంగతి చెప్పుకోవాలి. మొదటిది మనోళ్లదే. 1914 మే 23న కోమగట మారు అనే ఓడ 376 మందితో వాంకూవర్ చేరింది. అందరూ బ్రిటిష్ ఇండియా ప్రజలే, ఎక్కువమంది పంజాబీ సిక్కులు. సొంత దేశం నుంచి మధ్యలో ఆగకుండా నేరుగా వస్తేనే దిగనిస్తామని, పైగా చేతిలో 200 డాలర్లు ఉండాలని అప్పటి రూలు. ఇండియా నుంచి అలా నేరుగా వచ్చే దారే అప్పట్లో లేదు. "ఇండియన్లు రావద్దు" అని రాయకుండానే తలుపు మూశారన్నమాట. అంతకుముందే ఇక్కడ ఉండి వెళ్లిన కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వకుండా, రెండు నెలల తర్వాత జూలై 23న ఓడను వెనక్కి పంపారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగాక బ్రిటిష్ పోలీసులు కాల్పులు జరిపారు. దాదాపు 20 మంది చనిపోయారు.

రెండోది సెయింట్ లూయిస్. 1939 మే 13న హాంబర్గ్ నుంచి 937 మందితో బయల్దేరింది. దాదాపు అందరూ హిట్లర్ నుంచి పారిపోతున్న యూదులు. క్యూబాలో 28 మందినే దిగనిచ్చారు. అమెరికా కాదంది. టొరంటోలో కొందరు పెద్దలు వీళ్లకు ఆశ్రయం ఇవ్వమని ప్రధాని మెకెంజీ కింగ్‌కు తంతి పంపారు. కెనడా కూడా కాదంది. వలస శాఖ డైరెక్టర్ ఫ్రెడరిక్ బ్లెయిర్ యూదులను రానివ్వకూడదని పట్టుబట్టిన మనిషి. ఓడ తిరిగి యూరప్ వెళ్లింది. బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ 907 మందిని పంచుకున్నాయి. తర్వాత నాజీ సైన్యాలు ఆ దేశాల్లో మూడింటిని ఆక్రమించాయి. ఆ ప్రయాణికుల్లో 254 మంది హత్యాకాండలో చనిపోయారు.

ఈ ఓడ బయల్దేరిన నాలుగు రోజులకే, మే 17న, బ్రిటన్ ఒక శ్వేతపత్రం ప్రకటించింది. అంతకుముందు మూడేళ్లుగా పాలస్తీనా అరబ్బులు తిరుగుబాటు చేస్తుండడంతో, ఇక ఐదేళ్లలో 75,000 మంది యూదులనే పాలస్తీనాలోకి రానిస్తామంది. పడమటి దేశాలు తలుపులు మూసినప్పుడే అక్కడా గేటు పడింది. 1933 నుంచి 1945 దాకా కెనడా తీసుకున్న యూదు శరణార్థులు 5,000 మంది లోపే. ఆ యుద్ధంలో 60 లక్షల మంది యూదులను చంపేశారు. "మమ్మల్ని ఎవరూ రానివ్వలేదు, అందుకే మా తలుపు మా చేతిలోనే ఉండాలి" అన్న వాదనకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది?

ఇద్దరు జడ్జిలు

యుద్ధం అయ్యాక బ్రిటన్ పాలస్తీనా సమస్యను ఐక్యరాజ్య సమితికి అప్పజెప్పింది. 1947లో సమితి 11 దేశాలతో ఒక కమిటీ వేసింది. కెనడా నుంచి సుప్రీంకోర్టు జడ్జి ఐవన్ రాండ్, ఇండియా నుంచి జడ్జి అబ్దుర్ రహ్మాన్ అందులో కూర్చున్నారు. పాలస్తీనా అరబ్ నాయకత్వం కమిటీని బహిష్కరించింది. ఆగస్టు 31న రిపోర్టు వచ్చింది. రాండ్‌తో సహా ఏడు దేశాల వాళ్లు దేశాన్ని రెండు ముక్కలు చేయాలన్నారు. రహ్మాన్, ఇరాన్, యుగోస్లావియా సభ్యులు ముక్కలొద్దు, ఇద్దరికీ కలిపి ఒకే సమాఖ్య ఉండాలన్నారు. ఆస్ట్రేలియా ఏ వైపూ లేదు. ఆ రిపోర్టు మీద సంతకాలయ్యేసరికి మన దేశం రెండుగా విడిపోయి 16 రోజులు. పంజాబ్ తగలబడుతోంది. గీత గీస్తే మనుషులకు ఏమవుతుందో ఇండియాకు కళ్లముందే కనిపిస్తోంది.

కెనడా విదేశాంగ శాఖలో పశ్చిమాసియా గురించి బాగా తెలిసిన అధికారి ఎలిజబెత్ మెకాలమ్ కూడా విభజన వద్దనే హెచ్చరించారు. పై అధికారి లెస్టర్ పియర్సన్ మాత్రం విభజన కోసం సమితిలో గట్టిగా పనిచేశారు. 1947 నవంబర్ 29న ఓటింగ్ జరిగింది. అనుకూలం 33, వ్యతిరేకం 13, తటస్థం 10. కెనడా అనుకూలం, ఇండియా వ్యతిరేకం. జనాభాలో మూడో వంతు ఉన్న యూదులకు సగానికి పైగా భూమి వచ్చింది. యూదు నాయకులు ఒప్పుకున్నారు, అరబ్ నాయకులు ఒప్పుకోలేదు.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. యూరప్ శిబిరాల్లో లక్షల మంది యూదులు ఎక్కడికి పోవాలో తెలియక ఎదురుచూస్తున్న రోజులవి. వాళ్లందరికీ తలుపులు తెరవని దేశాలే ఇంకొకరి నేల మీద గీత గీశాయి. ఆశ్రయం ఇవ్వాల్సిన బాకీ తాము తీర్చకుండా పాలస్తీనీయుల ఖాతాలో రాశాయి.

1948

1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడింది. అప్పటికే మొదలైన పోరు అరబ్ దేశాలతో యుద్ధంగా మారింది. ఆ పోరులో 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు కొందరు తరిమితే, కొందరు భయంతో ఇళ్లు వదిలి వెళ్లారు. దీన్ని వాళ్లు నక్బా అంటారు, అంటే మహావిపత్తు. తిరిగి వెళ్లి శాంతిగా బతకాలనుకునే శరణార్థులను వెళ్లనివ్వాలని డిసెంబర్ 11న సమితి 194వ తీర్మానం చేసింది. అది అమలు కాలేదు. వాళ్లకు తిండి, బడి, వైద్యం చూడడానికి సమితి పెట్టిన యూఎన్ఆర్‌డబ్ల్యూఏ సంస్థకు మొదటి డైరెక్టర్ కెనడా సైన్యాధికారి హోవార్డ్ కెనడీ.

ఆ తర్వాత ఏళ్లలో ఇరాక్, యెమెన్, ఈజిప్టు, మొరాకో లాంటి దేశాల నుంచి లక్షల మంది యూదులూ ఆస్తులు వదిలి వెళ్లిపోయారు. ఎక్కువమంది ఇజ్రాయెల్ చేరారు. 1950లో ఇజ్రాయెల్ చేసిన చట్టం ప్రకారం ఏ దేశంలో పుట్టిన యూదుడైనా వచ్చి పౌరుడు కావచ్చు. హైఫాలో పుట్టి 1948లో వెళ్లిపోయిన పాలస్తీనీయుడికి మాత్రం తన ఇంటికి తిరిగొచ్చే హక్కు లేదు. ఒకరికి రక్షణ ఇచ్చిన చట్టం ఇంకొకరికి గోడ అయింది.

కెనడా తలుపు తెరిచినప్పుడు

యుద్ధం తర్వాత కెనడా తలుపు కొంచెం కొంచెంగా తెరిచింది. మొదట చూసింది పనినే. 1948లో బట్టల ఫ్యాక్టరీలకు మనుషులు కావాల్సి వచ్చి, యూదు సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి శిబిరాల నుంచి టైలర్లను తెప్పించాయి. అందులోనూ యూదులు ఇంతకు మించకూడదని ప్రభుత్వం కోటా పెట్టింది. 1955-56లో 39 పాలస్తీనా శరణార్థి కుటుంబాలను తీసుకుంది. అప్పుడు అరబ్ దేశాల్లో ఒక అనుమానం వచ్చింది: ఇలా తలా ఒక దేశం పంచుకుంటే ఇంటికి తిరిగి వెళ్లే హక్కు పోతుంది కదా అని. ఆ ప్రశ్న ఇప్పటికీ ఉంది. ఆశ్రయం దొరికినంత మాత్రాన సొంతగడ్డ మీద హక్కు పోకూడదు.

1985 ఏప్రిల్ 4న కెనడా సుప్రీంకోర్టు సింగ్ కేసులో, ఈ గడ్డ మీద అడుగుపెట్టి శరణు కోరిన ఎవరికైనా న్యాయమైన విచారణ ఉండాలని తీర్పిచ్చింది. ఈ కేసు వేసినవాళ్లలో ఎక్కువమంది ఇండియా నుంచి వచ్చిన సిక్కులు. ఈరోజు ఒక పాలస్తీనీయుడు బోర్డు ముందు తన మాట చెప్పుకోగలుగుతున్నాడంటే ఆ తీర్పు కూడా ఒక కారణం.

2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు, దాదాపు 250 మందిని బందీలుగా పట్టుకుపోయారు. తర్వాత గాజాలో ఇజ్రాయెల్ యుద్ధంలో పదుల వేల మంది చనిపోయారు. 2024 జనవరిలో కెనడా ఇక్కడున్నవాళ్ల గాజా బంధువులకు తాత్కాలిక వీసాల పథకం పెట్టింది. మొదట పరిమితి 1,000, తర్వాత 5,000. రాగలిగినవాళ్లు మాత్రం చాలా తక్కువ, ఎందుకంటే గాజా దాటి బయటకు రావడమే కష్టం. 2025 సెప్టెంబర్ 21న కెనడా పాలస్తీనాను దేశంగా గుర్తించింది. విభజనకు ఓటేసిన 78 ఏళ్లకు అన్నమాట.

మనం ఏం తీసుకోవాలి

పని దగ్గర ఈ మాట వస్తే వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి ఎవరినీ "మీవాళ్లు" అని నిలదీయకండి. యూదు సహోద్యోగి ఇజ్రాయెల్ ప్రభుత్వం కాదు, పాలస్తీనా సహోద్యోగి హమాస్ కాదు. ఒకరి ఇంట్లో శిబిరాల నుంచి తిరిగిరాని తాతలు ఉంటారు. ఇంకొకరి ఇంట్లో 1948లో తాళం వేసి వచ్చిన ఇంటి తాళంచెవి ఉండొచ్చు. ఇద్దరి బాధా నిజమే. ఒకరి బాధ చూపించి ఇంకొకరి హక్కు కొట్టేయడమే తప్పు.

ఇంకొక మాట. ఈ దేశంలో రూల్సు వాటంతట అవి మారలేదు. అడిగారు, కోర్టుకెక్కారు, సంఘం పెట్టుకున్నారు, అప్పుడు మారాయి. కోమగట మారు విషయంలో 2016లో, సెయింట్ లూయిస్ విషయంలో 2018లో ప్రధాని ట్రూడో పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఓడలు వెనక్కి వెళ్లాక ఎన్ని దశాబ్దాలకో చూడండి. "ఉద్యోగాలు మాకే చాలట్లేదు, ఇంకెవరినీ రానివ్వొద్దు" అని మనలో కొందరు కూడా అంటున్నారు. 1914లో మన గురించి, 1939లో వాళ్ల గురించి అన్న మాటలూ ఇలాంటివే.

వాంకూవర్ వెళ్తే కోల్ హార్బర్‌లో కోమగట మారు స్మారకం చూడండి. హాలిఫాక్స్ వెళ్తే పియర్ 21 మ్యూజియంలో సెయింట్ లూయిస్ స్మారకం ఉంది. పిల్లల్ని కూడా తీసుకెళ్లి, రెండు ఓడల సంగతీ కలిపి చెప్పండి.