సీటు మనది, చెయ్యి ఎవరిది?

మా నాయనకి చదువు రాదు. ఓటంటే మాత్రం ప్రాణం. ఎన్నికల రోజు తెల్లారకముందే నీళ్ళు పోసుకుని, ఉతికిన పంచె కట్టి, "లేవండ్రా, మనోణ్ణి ఢిల్లీ పంపాల" అంటా మాదిగపల్లె అంతా తిరిగేవాడు. మాది రిజర్వుడు సీటు.

మనోడు గెలిచాడు. అయిదేళ్ళలో ఒక్కసారి పల్లెకొచ్చాడు. నేనప్పుడు కాలేజీలో ఉన్నా. "అన్నా, మనకోసం పార్టీకి ఎదురుగా ఎప్పుడన్నా ఓటేశావా?" అనడిగాను. "తమ్ముడూ, చెయ్యి నాదే, లేపేది పార్టీ" అన్నాడు. నాయన తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత చరిత్ర చదివాక ఆ మంట ఆయన ఒక్కడి మీదే నిలవలేదు.

1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం మనకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. రాష్ట్రాల శాసనసభల్లో 71 సీట్లు. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహారదీక్షకు దిగాడు. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం. సీట్లు 148 అయ్యాయి. ఎవరు గెలవాలన్న చివరి మాట మాత్రం ఊరి చేతికి పోయింది.

ఆ దెబ్బ అంబేద్కర్‌కే తగిలింది. హిందూ కోడ్ బిల్లును పక్కన పెట్టడం ప్రధాన కారణాల్లో ఒకటిగా చెప్పి 1951లో మంత్రి పదవి వదిలేశాడు. 1952 ఎన్నికల్లో బొంబాయిలో కాంగ్రెస్ నిలబెట్టిన దళిత అభ్యర్థి చేతిలో ఓడిపోయాడు. ఒంటరి గొంతు ఓడింది, పార్టీ మనిషి గెలిచాడు.

1985లో 52వ సవరణతో ఫిరాయింపుల చట్టమొచ్చింది. విప్‌ని కాదని ఓటేసినా, అనుమతి లేకుండా ఓటు మానుకున్నా, 15 రోజుల్లో పార్టీ క్షమించకపోతే సభ్యత్వం పోతుంది. గోడ దూకేవాళ్ళ కోసం పేనిన పలుపు మనోడి మెడకీ పడింది. మామూలు బిల్లులు ఎక్కువగా మూజువాణి ఓటుతో అయిపోతాయి, ఎవడేమన్నాడో పేరుండదు. రాజ్యాంగ సవరణకైతే ఓట్లు లెక్కపెట్టక తప్పదు.

అట్లా లెక్కపెట్టిన రోజు 2019 జనవరి 8. ఆర్థికంగా వెనకబడినవాళ్ళకి 10 శాతం రిజర్వేషన్, అందులో ఎస్సీ, ఎస్టీ, బీసీ పేదలకి చోటు లేదు. లోక్‌సభలో అనుకూలం 323, వ్యతిరేకం 3. ఆ ముగ్గురూ హైదరాబాదు, మలప్పురం, పొన్నాని సభ్యులు. మూడూ జనరల్ సీట్లే. ఎస్సీలకున్న 84 సీట్ల నుంచి "వద్దు" అన్న ఓటు ఒక్కటీ లేదు.

విప్‌కి భయపడ్డారా, మనసొప్పి వేశారా? ఆ లెక్క చెప్పదు. అడగాల్సింది మనం. నాయన లేడు. ఇప్పుడు ఓటడగొచ్చిన ప్రతివాణ్ణీ, మన పార్టీ అయినా కాకపోయినా, పల్లె నడిబజార్లో నిలబెట్టి అడుగుతున్నా: "మామీద బిల్లొచ్చిన రోజు, సీటు పోయినా సరే, చెయ్యి నీదేనా?"