మిగులు నిధుల పద్దు

1955 సెప్టెంబరు 30న ఫజల్ అలీ సంఘం రాష్ట్రాల పునర్విభజన నివేదికను కేంద్ర ప్రభుత్వానికి అందజేసింది. అందులో తెలంగాణ గురించిన పేజీలను మన రాజకీయ చర్చలు ఎన్నోసార్లు తిరగేశాయి. ఉద్యోగాల విషయంలో అక్కడివారికి ఉన్న భయాల గురించి అందరూ రాశారు. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత, మిగిలిన హైదరాబాదు రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో విలీనం జరగాలన్న షరతు గురించీ రాశారు. అదే చోట ఖజానా గురించి ఉన్న నాలుగు మాటలకు మాత్రం దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదు. ఆంధ్ర రాష్ట్రం పుట్టినప్పటి నుంచీ డబ్బుకు ఇబ్బంది పడుతోందని, తలసరి రాబడిలో తెలంగాణే ముందుందని సంఘం రాసింది. ఈ తేడాకు అది చూపిన ప్రధాన కారణాలు రెండు. తెలంగాణలో భూమిశిస్తు భారం బాగా ఎక్కువ కావడం ఒకటి, ఏడాదికి సుమారు 5 కోట్ల రూపాయల అబ్కారీ రాబడి మరొకటి.

తర్వాతి రెండు దశాబ్దాల పాటు తెలుగు రాజకీయాలను కుదిపిన ‘తెలంగాణ మిగులు’ మూలం ఇక్కడుంది. మిగులు అనగానే సంపన్నుల ఇల్లు గుర్తొస్తుంది. ఈ మిగులు అలాంటిది కాదు. శిస్తు కట్టింది చెరువు కింద, బావి కింద, ఎక్కువచోట్ల వాన మీద ఆధారపడి సేద్యం చేసిన రైతు. అబ్కారీ సొమ్ము తాడిచెట్ల మీద వేసిన పన్ను నుంచి, కల్లు దుకాణాల వేలం నుంచి, సారా నుంచి వచ్చింది. పొద్దంతా కూలి చేసి సాయంత్రం దుకాణం దగ్గర ఆగినవాడి చేతి పైసలవి. చదువుకు, వైద్యానికి, సాగునీటికి నోచుకోని పల్లెల నుంచి వచ్చిన డబ్బు కాబట్టే, అది ఎక్కడ ఖర్చవుతోందన్న ప్రశ్నకు అంత బరువు వచ్చింది.

ఆంధ్ర వైపు పరిస్థితి వేరు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆ రాష్ట్రం మద్రాసు నుంచి మద్యనిషేధాన్ని కూడా వారసత్వంగా తెచ్చుకుంది. అంటే అబ్కారీ రాబడి దాదాపు లేనట్టే. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కూడా ఈ మద్యనిషేధం వివాదం మీదే. కొత్త రాష్ట్రానికి కార్యాలయాలు కట్టాలి, జీతాలు ఇవ్వాలి. ఖజానా చూస్తే చాలీచాలనిది. విలీనం కావాలన్న కోరికలో భాష మీది ప్రేమ నిజమైనదే. దాని పక్కనే ఈ డబ్బు అవసరమూ ఉందని ఒప్పుకోవడం ఎవరినీ కించపరచడం కాదు.

అయితే ఆంధ్రులను కేవలం అవతలి సొమ్ము కోసం వచ్చినవారిగా చిత్రించడం కూడా చరిత్ర కాదు. అక్కడా ఇదే తగువు అంతకుముందే నడిచింది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో. ఆ కాలువల వల్ల డెల్టా జిల్లాలు పచ్చబడ్డాయి. రాయలసీమ మాత్రం కరువుల మధ్యే ఉండిపోయింది. మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసమైన శ్రీబాగ్‌లో 1937 నవంబరు 16న కోస్తా, సీమ నాయకులు ఒప్పందం చేసుకున్నప్పుడు సీమవారు అడిగింది ఇదే: నీటిలో ముందు మాకు వాటా కావాలి, చదువుల్లో మాకు చోటు కావాలి, రాజధానో హైకోర్టో మాకు రావాలి. ప్రభుత్వం పెట్టే ఖర్చు ఎవరి పొలానికి చేరుతోందన్న ప్రశ్న తెలంగాణతో మొదలైనది కాదు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలోని హైదరాబాదు హౌస్‌లో ఇరువైపుల నుంచీ నలుగురేసి నాయకులు కూర్చున్నారు. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. వారు కుదుర్చుకున్న పెద్దమనుషుల ఒప్పందంలో మొదటి అంశం ఉద్యోగాలూ కాదు, మంత్రి పదవులూ కాదు. డబ్బు. రాష్ట్ర కేంద్ర పాలనకు, సాధారణ పాలనకు అయ్యే ఖర్చును రెండు ప్రాంతాలూ దామాషా ప్రకారం భరించాలి. తెలంగాణ రాబడిలో ఆ వాటా పోగా మిగిలింది తెలంగాణ అభివృద్ధికే కేటాయించాలి. ఐదేళ్ల తర్వాత ఈ ఏర్పాటును సమీక్షించవచ్చు. తెలంగాణ శాసనసభ్యులు కోరితే మరో ఐదేళ్లు కొనసాగించవచ్చు. రెండో అంశం ఇంకా గమనించదగ్గది: తెలంగాణలో మద్యనిషేధం ఎలా అమలు కావాలో తెలంగాణ శాసనసభ్యులే నిర్ణయిస్తారు. మొదటి అంశంలోని మిగులు నిలవాలంటే రెండో అంశం ఉండాల్సిందే. ఆ ఎనిమిది మందికి ఖజానా గుట్టు బాగా తెలుసు.

ఒప్పందం ఇక్కడిదాకా స్పష్టంగానే ఉంది. చిక్కు అమలులో వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1958 ఫిబ్రవరి 1న రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణ ప్రాంతీయ సంఘం వచ్చింది. అభివృద్ధి, విద్య, వైద్యం, స్థానిక పాలన వంటి విషయాలు దానికి అప్పగించారు. కానీ మామూలు, ఆనుషంగిక ఖర్చులకు మించి ఆర్థిక భారం పడే ప్రతిపాదనలు దాని పరిధిలోకి రావు. మిగులును కాపాడవలసిన సంఘం చేతికి తాళంచెవి ఇవ్వలేదన్నమాట. తర్వాతి గొడవలో సగం ఈ ఒక్క లోపం నుంచే పుట్టిందని నా నమ్మకం.

మిగతా సగం లెక్క స్వభావంలోనే ఉంది. ఒక రాష్ట్రం ఖజానాను రెండుగా చీల్చి చూడటం వినడానికి తేలిక. పద్దు రాసేవాడి ముందు మాత్రం ప్రశ్నలు వరుసకట్టి నిలబడతాయి. హైదరాబాదులో దుకాణం ఉన్న వ్యాపారి సరుకు గుంటూరులో అమ్ముడుపోతే ఆ అమ్మకం పన్ను ఎవరి ఖాతాలో జమ? కేంద్రం నుంచి వచ్చే ఆదాయపు పన్ను వాటాను జనాభాను బట్టి పంచాలా, అవసరాన్ని బట్టి పంచాలా? సచివాలయం, హైకోర్టు ఉన్నది హైదరాబాదులో కాబట్టి వాటి మీద ఖర్చు తెలంగాణకు మేలా, అందరి భారమా? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న, విలీనానికి ముందే, నెహ్రూ శంకుస్థాపన చేశారు. దాని ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం వైపు, కుడి కాలువ గుంటూరు వైపు పోతాయి. ఆనకట్ట ఖర్చులో ఎవరి పాలు ఎంత? అప్పు తెచ్చి తెలంగాణలో పెట్టిన పెట్టుబడిని మిగులు ఖర్చు చేసినట్టు చూపవచ్చా? ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే పదునైనది. పన్నుల్లో మిగిలిన సొమ్ము వేరు, వడ్డీ కట్టవలసిన అప్పు వేరు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. డెల్టా రైతుకు నీరు ప్రభుత్వం కట్టిన కాలువలో వస్తుంది. 1931లో నిజాంసాగర్ వచ్చి నిజామాబాదు ప్రాంతాన్ని తడిపినా, తెలంగాణ రైతుల్లో ఎక్కువమందికి ఆధారం చెరువు, బావి. బావి తవ్వుకునే ఖర్చు రైతు ఇంటిది. అది ఏ ప్రభుత్వ పద్దులోనూ కనిపించదు. ప్రభుత్వ ఖర్చును మాత్రమే లెక్కవేస్తే, ప్రభుత్వం చేయనిదాన్ని రైతు తన ఒంటిమీద మోసిన సంగతి లెక్కకు రాదు.

1969 జనవరిలో ఈ మాటలన్నీ వీధిలోకి వచ్చాయి. పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికులకు ఉద్యోగాలు దక్కడం లేదన్న కోపంతో ఖమ్మం జిల్లాలో రాజుకున్న నిప్పు ఉస్మానియా దాకా పాకింది. జనవరి 19న ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి అఖిలపక్ష సమావేశం జరిపారు. స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలని, మిగులు నిధులను తేల్చడానికి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ కార్యాలయం నుంచి ఒక సీనియర్ అధికారిని పిలవాలని అక్కడ ఒప్పుకున్నారు. అలా వచ్చిన అధికారి కుమార్ లలిత్. విలీనం నాటి నుంచి 1968 మార్చి 31 వరకు తెలంగాణకు ఖర్చు కాకుండా మిగిలిన మొత్తం సుమారు 34 కోట్ల రూపాయలని ఆయన తేల్చారు.

ఈ అంకె ఎవరినీ శాంతపరచలేదు. తెలంగాణ నాయకులు అంతకంటే చాలా ఎక్కువ రావాలన్నారు. ప్రభుత్వం వైపువారు అంత లేదన్నారు. మార్చి 28న సుప్రీంకోర్టు స్థానికులకు ఉద్యోగాలిచ్చే చట్టంలోని నివాస నిబంధనను కొట్టివేయడంతో ఉద్యమం ఇంకా ఉధృతమైంది. పోలీసు కాల్పుల్లో విద్యార్థులు, యువకులు చనిపోయారు. హైదరాబాదు గన్‌పార్క్‌లోని స్తూపం వారి కోసం నిలబెట్టిందే. ఏప్రిల్ 11న ఇందిరాగాంధీ లోక్‌సభలో ప్రకటించిన అష్టసూత్ర పథకంలోనూ మొదటి చోటు మిగులుకే దక్కింది. జస్టిస్ వశిష్ఠ భార్గవ అధ్యక్షతన ఉన్నతాధికార సంఘం వేశారు. ఆ సంఘం మళ్లీ పద్దులన్నీ చూసి మిగులు 28 కోట్ల పైచిలుకని చెప్పింది.

ఈ రెండు అంకెల ముందు ఒక్క క్షణం ఆగాలి. ఒకే ఖజానా, ఒకే పదకొండున్నరేళ్ల కాలం. చూసినవారిద్దరూ నిష్పాక్షికులే. అయినా అంతరం 6 కోట్లకు దగ్గరగా ఉంది. దీన్నిబట్టి లెక్క అంతా మోసమని అనుకోకూడదు. రెండు లెక్కలూ ఒక విషయంలో ఒక్కటే మాట చెప్పాయి: రాసి ఇచ్చిన మాట ప్రకారం తెలంగాణలో ఖర్చు కావలసిన సొమ్ము అక్కడ ఖర్చు కాలేదు. ఎంత అన్నదాని మీద తగువు ఉండవచ్చు. అన్యాయం జరిగిందా అన్నదాని మీద 1969 నాటికే తగువు ముగిసింది. ఆ ఒప్పుకోలు ప్రభుత్వం ఏటేటా చేసి ఉంటే, అంతమంది పిల్లల ప్రాణాలు పోయాక పద్దులు మళ్లీ తిరగేయవలసిన అవసరం వచ్చేది కాదు.

1971 మార్చి ఎన్నికల్లో, ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి ఆ ప్రాంతంలోని 14 లోక్‌సభ స్థానాల్లో 10 గెలిచింది. ఆర్నెల్లకే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1972 అక్టోబరు 3న, ఉద్యోగాలను స్థానికులకు కేటాయించే పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పగానే ఇప్పుడు కోస్తా, రాయలసీమ రగిలాయి. ప్రత్యేక ఆంధ్ర కోరిన జై ఆంధ్ర ఉద్యమకారుల వాదన తెలంగాణ వాదనను అద్దంలో చూసినట్టే ఉంటుంది: రాజధాని కోసం మా పన్నులు కావాలి, అందులో మా పిల్లలకు చోటు మాత్రం ఉండకూడదా? అక్కడా కాల్పులు జరిగాయి, అక్కడా జనం చనిపోయారు. తన సొమ్ము పక్కవాడు తింటున్నాడని ఒకే రాష్ట్రంలోని రెండు ప్రాంతాలూ నాలుగేళ్ల తేడాలో గట్టిగా నమ్మాయి.

1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం. ముల్కీ నిబంధనలు, ప్రాంతీయ సంఘం రద్దయ్యాయి. వాటి స్థానంలో వెనుకబడిన ప్రాంతాల అభివృద్ధి అన్న మాట, దానికొక ప్రణాళికా మండలి, హైదరాబాదులో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చాయి. మిగులు నిధుల పద్దు అక్కడితో మూసేశారు. వెనుకబాటును ప్రాంతం పేరుతో కాక అవసరాన్ని బట్టి చూడాలన్న ఆలోచన మంచిదే. అయితే పద్దు మూసేసినంత మాత్రాన అనుమానం మూతపడలేదు. తర్వాతి తరం ఆ అనుమానాన్ని నీళ్ల భాషలో, ఉద్యోగాల భాషలో మళ్లీ ఎత్తుకుంది. తెలంగాణ సమస్యపై కేంద్రం వేయగా 2010 డిసెంబరులో నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ సంఘం అంకెలు కుప్పగా పోసి, వాటి ప్రకారం అన్నిటికంటే వెనుకబడింది రాయలసీమ అని చెప్పింది. అప్పటికి తెలంగాణలో ఆ అంకెలను నమ్మేవారు తక్కువ. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. జనాభాను బట్టి అప్పులు పంచుకోవడానికి 58.32, 41.68 అన్న నిష్పత్తి వచ్చింది. విభజన చట్టం తొమ్మిదో, పదో షెడ్యూళ్లలోని సంస్థల ఆస్తుల పంచాయితీ ఆ తర్వాత పదేళ్లు గడిచినా తెగలేదు.

నేను ఈ చరిత్రను చదివిన ప్రతిసారీ ఫజల్ అలీ సంఘం రాసిన ఆ 5 కోట్ల అబ్కారీ రాబడి దగ్గరికే తిరిగి వస్తాను. కుమార్ లలిత్‌కు, భార్గవ సంఘానికి అప్పగించిన పని తెలంగాణ సొమ్ము తెలంగాణకు వచ్చిందా అని తేల్చడం. వారు తేల్చారు. ఆ సొమ్ము హైదరాబాదు నగరం దాటి ఏ జిల్లాకు, ఏ తాలూకాకు చేరిందో, తాడిచెట్టెక్కినవాడి ఊరికి బడిగానో ఆసుపత్రిగానో ఎంత తిరిగి వెళ్లిందో తేల్చమని వారిని ఎవరూ అడగలేదు.