ఇంటి బడి, కోర్టు తగవు

టెక్సస్ చట్టం లెక్కలో మా ఇల్లు ఒక ప్రైవేటు స్కూలు. బోర్డు లేదు, గుర్తింపు లేదు, తనిఖీకి వచ్చేవాళ్లు లేరు. ప్రిన్సిపాలూ నేనే, గుమస్తా నేనే. విద్యార్థులు ఇద్దరు: పదకొండో తరగతి అమ్మాయి, ఎనిమిదో తరగతి అబ్బాయి. అమ్మాయి లెర్నర్ లైసెన్సుకు వెళ్లినప్పుడు స్కూల్లో చదువుతున్నట్టు కాగితం కావాలన్నారు. ఇంటి బడి పిల్లలకైతే ఆ కాగితం తల్లిదండ్రులు రాసిచ్చినా చెల్లుతుంది. నేనే రాసి, నేనే సంతకం పెట్టి ఇచ్చాను. కౌంటర్లో ఆవిడ చదివి, ఫైల్లో పెట్టుకుని, తర్వాతి వాళ్లను పిలిచింది. కారు నడపడం నేర్పే కోర్సు సైతం ఇక్కడ తండ్రే చెప్పుకోవచ్చు.

తెనాలిలో మా పిన్నికి ఇదంతా ఫోన్లో చెబితే, "అయితే ప్రైవేటుగా కట్టిస్తావన్నమాట" అంది. మన వైపు బడికి పోకుండా చదవడమంటే అంతే కదా, మెట్రిక్ ప్రైవేటుగా కట్టడమో, ఓపెన్ టెన్త్ రాయడమో. చదువు ఎక్కడ చదివినా పరీక్ష సర్కారుది. ఇక్కడ ఆ పరీక్ష కూడా లేదు. "మరి పాసైందని ఎవరు చెప్తారే?" అంటే, నేనే అన్నాను. పిన్నికి మింగుడుపడలేదు.

పెన్సిల్వేనియాలో ఉండే మా స్నేహితులకూ మింగుడుపడదు. వాళ్లు ఏటా అఫిడవిట్ ఇవ్వాలి, పిల్లల రాతపనంతా ఫైలు కట్టి అర్హత ఉన్నవాళ్లకు చూపించి సరే అనిపించుకోవాలి. న్యూయార్కులో అయితే మూడు నెలలకోసారి నివేదిక. పిల్ల ఎవరిది, కన్నవాళ్లదా సర్కారుదా అన్న తగవు ఈ దేశంలో వందేళ్లుగా కోర్టుల్లో నలుగుతోంది. ఏ రాష్ట్రంలో ఎవరు ఎంత నెగ్గారో అక్కడి కాగితాల కట్ట చూస్తే తెలిసిపోతుంది.

మొదట్లో సర్కారు అడిగింది చదువునే, బడిని కాదు. 1642లో మసాచుసెట్స్ వలసలో చేసిన చట్టం, పిల్లలకు చదవడం వచ్చేలా, మత సూత్రాలూ శాసనాలూ అర్థమయ్యేలా చూసే పూచీని తల్లిదండ్రుల మీదా, పని నేర్పే యజమానుల మీదా పెట్టింది. అయిదేళ్లకు, 50 గడపలున్న ప్రతి ఊరూ ఒక పంతులును పెట్టుకోవాలంది. బడికి వచ్చి తీరాలన్న నిర్బంధం 1852లో వచ్చింది, అదీ మసాచుసెట్స్‌లోనే. అందరికంటే చివర మిసిసిపీ 1918లో దారికొచ్చింది. ఈ రెండు తేదీల నడుమ ఐర్లండ్, జర్మనీ, ఇటలీల నుంచి జనం ఓడలు దిగుతూనే ఉన్నారు. వాళ్ల పిల్లల్ని అమెరికన్లుగా తీర్చే పని పబ్లిక్ స్కూలుకు అప్పజెప్పారు. ఆ బడుల్లో చదివించే బైబిలు ప్రొటెస్టెంట్లది కావడంతో క్యాథలిక్కులు సొంత బడులు కట్టుకున్నారు. తగవు అక్కడ రాజుకుంది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి జర్మన్ మాట వినబడితే అనుమానం. నెబ్రాస్కాలో ఎనిమిదో తరగతి దాటని పిల్లలకు ఇంగ్లిషు కాక మరే భాషా నేర్పకూడదని 1919లో చట్టం చేశారు. మరుసటి ఏడు హాంప్టన్ అనే పల్లెలో, చర్చి బడిలో, రాబర్ట్ మేయర్ అనే పంతులు పదేళ్ల కుర్రాడి చేత జర్మన్‌లో బైబిలు కథ చదివించినందుకు 25 డాలర్ల జరిమానా పడింది. ఆయన కట్టి ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. పిల్లలకు ఏం నేర్పించుకోవాలో ఎంచుకునే హక్కు తల్లిదండ్రులకు ఉందని 1923లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. వారాంతాల్లో తెలుగు నేర్పే మనబడి క్లాసుకు పిల్లల్ని దింపి, బయట కార్లలో కూర్చుని ఫోన్లు చూసుకునే మన తల్లిదండ్రుల్లో ఎంతమందికి మేయర్ పేరు తెలుసో! మా అమ్మాయి ట్రాన్స్‌క్రిప్టులో విదేశీ భాష గడిలో నేను తెలుగు రాసినప్పుడు మాత్రం ఆయన గుర్తొచ్చాడు.

ఆరెగాన్‌లో అయితే 1922లో ఏకంగా ఓట్లేసి, 8 నుంచి 16 ఏళ్ల పిల్లలంతా పబ్లిక్ స్కూల్లోనే చదవాలని తీర్మానించారు. క్యాథలిక్ బడులు మూయించడం అసలు ఉద్దేశం. వెనక దన్నుగా నిలిచినవాళ్లలో తెల్లజాతి దురహంకార ముఠా కూ క్లక్స్ క్లాన్ ఉంది. బడి నడిపే సన్యాసినులు కోర్టుకెళ్లారు. 1925లో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాట మీద వాళ్ల పక్షాన నిలిచారు.

అలాగని కన్నవాళ్ల ఇష్టం ఎప్పుడూ న్యాయం వైపే ఉందనుకోకండి. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో నల్లపిల్లల హైస్కూలుకు తారు కాగితం కప్పిన పాకలే అదనపు గదులు. 1951లో బార్బరా జాన్స్ అనే 16 ఏళ్ల అమ్మాయి తోటి విద్యార్థులను కూడగట్టి సమ్మె చేయించింది. తెల్ల, నల్ల పిల్లలను విడదీసే బడులు చెల్లవన్న 1954 నాటి తీర్పులో ఆ సమ్మెలోంచి పుట్టిన కేసూ ఒక భాగం. తెల్లవాళ్లు ఏం చేశారంటే, 1959లో కౌంటీలోని పబ్లిక్ స్కూళ్లన్నీ మూసేసి, తమ పిల్లలకు ప్రైవేటు బడి పెట్టుకున్నారు. 1964 దాకా అయిదేళ్లు నల్లపిల్లల్లో చాలామందికి బడే లేదు. దానికి పెట్టిన ముద్దుపేరు "ఎంచుకునే స్వేచ్ఛ".

ఈ చరిత్రలో నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది విస్కాన్సిన్ కేసు, ఎందుకంటే అది దాదాపు మా పిల్లల వయసు వాళ్లది. కరెంటూ కార్లూ వద్దనుకుని గుర్రపు బళ్లలో తిరిగే ఆమిష్ రైతులు ముగ్గురు, ఎనిమిదో తరగతి అయ్యాక 14, 15 ఏళ్ల పిల్లల్ని హైస్కూలుకు పంపం, పొలంలోనే నేర్చుకుంటారు అన్నారు. రాష్ట్రం 16 ఏళ్ల దాకా చదవాల్సిందేనని తలా 5 డాలర్ల జరిమానా వేసింది. కోర్టు మెట్లెక్కడం ఆమిష్ వాళ్ల మతానికి సరిపడదు. ఒక లూథరన్ పాస్టర్ చొరవతో బయటివాళ్లే కమిటీ కట్టి కేసు నడిపించారు. 1972లో సుప్రీంకోర్టు వాళ్లను గెలిపించింది. ఇది మతం కాబట్టి ఒప్పుకుంటున్నాం, తత్వవేత్త థోరోలాగా ఎవరికి వారు సిద్ధాంతం కట్టుకొస్తే కుదరదని కూడా తీర్పులో రాశారు. జస్టిస్ డగ్లస్ ఒక్కడు కొంత తేడాగా మాట్లాడాడు. ఇక్కడ తండ్రులూ సర్కారూ వాదించుకుంటున్నారు, మరి పిల్లల్ని అడిగారా? ఆ పిల్లవాడు పియానో వాయించాలనుకుంటే, అంతరిక్షంలోకి పోవాలనుకుంటే? ఆ ముగ్గురు తండ్రుల్లో యోడర్ అనే ఆయన కూతురు మాత్రం సాక్ష్యం చెప్పింది, కాబట్టి ఆ ఒక్క తండ్రి విషయంలో తీర్పుతో ఏకీభవించి, మిగతా ఇద్దరి విషయంలో విభేదించాడు. ఆ అభిప్రాయం నెగ్గలేదు. కానీ టీనేజి పిల్లలతో ఇంట్లో బడి నడిపే తల్లికి సోమవారం పొద్దున ఎదురయ్యేది డగ్లస్ ప్రశ్నే.

ఆ తర్వాతి పదిహేనేళ్లలో రెండు వేర్వేరు గుంపులు ఒకే గుమ్మంలోకి వచ్చాయి. బాస్టన్‌లో జాన్ హోల్ట్ అనే పంతులు, బడులు బాగుపడవని విసిగి, బడి లేకుండా పెరిగే పిల్లల కోసం 1977లో పత్రిక మొదలుపెట్టాడు. మరోవైపు పబ్లిక్ స్కూల్లో ప్రార్థన తీసేశారని మండిపడ్డ క్రైస్తవ కుటుంబాలు. ఈ రెండో గుంపుది సంఖ్యాబలం, 1983 నుంచి సొంత న్యాయవాదుల సంఘం. టెక్సస్‌లో 1915 నాటి హాజరు చట్టం ప్రైవేటు స్కూళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఇల్లు ప్రైవేటు స్కూలు కాదని 1980ల్లో విద్యాశాఖ తేల్చేసరికి తల్లిదండ్రుల మీద కేసులు పడ్డాయి. వాళ్లు తిరిగి ఆర్లింగ్టన్ స్కూలు డిస్ట్రిక్టు మీద దావా వేశారు. 1915లో ఈ రాష్ట్రంలో ఇళ్లలో చదువుకున్న పిల్లలు బోలెడుమంది, అప్పుడు దాన్నే ప్రైవేటు బడి అనుకునేవారు అని ఫోర్ట్‌వర్త్ జడ్జి 1987లో అన్నాడు. 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఔనంది. నేను లైసెన్సు కౌంటర్లో పెట్టిన సంతకానికి బలం అదే.

ఆ తీర్పు ప్రకారం చెప్పాల్సినవి అయిదే: చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం. సైన్సు లేదు, గమనించారా! పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఇది హాయిగా ఉంటుంది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సర్కారు వదిలేసిన పగ్గాలు యూనివర్సిటీలు పట్టుకుంటాయి. ఇంగ్లిషు నాలుగేళ్లు, లెక్కలు నాలుగేళ్లు, ల్యాబుతో సైన్సు, చరిత్ర, విదేశీ భాష రెండేళ్లు. ప్రతి హైస్కూల్లో పై పది శాతం పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా సీటివ్వాలని టెక్సస్ 1997లో చట్టం చేసింది. మా బడిలో పదకొండో తరగతికి మొదటి ర్యాంకూ ఆఖరి ర్యాంకూ ఒకరివే. అందుకని ఎస్ఏటీ మార్కులూ, కాలేజీ క్లాసుల మార్కులూ సాక్ష్యాలుగా పోగేసుకోవాలి.

బయాలజీ పుస్తకం కొనేముందు నేను మొదట తిప్పేది పరిణామ సిద్ధాంతం అధ్యాయం. ఇంటి బడుల కోసం రాసిన సైన్సు పుస్తకాల్లో చాలా వాటిని చర్చి వాళ్లు రాశారు, ఆ అధ్యాయంలో డార్విన్‌ను ఖండించడమే ఉంటుంది. కో-ఆప్ సంగతీ అంతే. నాలుగు కుటుంబాలు కలిసి వారానికో రోజు కెమిస్ట్రీ చెప్పించుకునే ఏర్పాటది, బాగుంటుంది, కానీ చాలాచోట్ల చేరే ముందు క్రైస్తవ విశ్వాస ప్రకటన మీద సంతకం చేయాలి. మనవాళ్లు అందుకే విడిగా జట్టుకడుతున్నారు. ఇక కప్పను కోసే కిట్ పోస్టులో వచ్చినప్పుడు, వంటింటి బల్ల మీద ఆ పని జరగడానికి వీల్లేదని మా అత్తగారు తేల్చేశారు. గరాజులో, పాత షవర్ కర్టెన్ పరిచి కోశారు. అబ్బాయి గుండె దాకా వచ్చి కత్తెర అక్కకిచ్చేశాడు.

లెక్కల్లో ఇద్దరివీ రెండు దారులు. వైమానిక దళంలో చేసి రిటైరైన జాన్ శాక్సన్ రాసిన పుస్తకాల్లో ప్రతి పాఠానికీ పాతవీ కొత్తవీ కలిపి 30 లెక్కలుంటాయి. అమ్మాయికి ఆ కవాతు నచ్చుతుంది. అబ్బాయికి ఒక్క లెక్కతో గంట కుస్తీ పట్టించే ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ పుస్తకాలు కావాలి. బడిలో అయితే ఇద్దరికీ ఒకటే పుస్తకం. ఈ ఒక్క సుఖం కోసమైనా ఇంటి బడి పెట్టొచ్చు అనిపిస్తుంది నాకు.

అమ్మాయి ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీలో రెండు క్లాసులు చదువుతోంది, ఇంగ్లిషు కాంపోజిషనూ వెల్డింగూ. మొదటిది నా మాట, రెండోది తన పట్టు. ముప్ఫై ఏళ్ల ట్రక్కు డ్రైవర్ల పక్కన మాస్కు దించుకుని ఇనుము అతికిస్తుంది. ఇందులో తమాషా ఏమిటంటే, 1974 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీలో చేరిన మరుక్షణం, పదహారేళ్ల పిల్ల అయినా సరే, చదువు రికార్డుల హక్కు తనదే. ప్రిన్సిపాలునైన నాకు మార్కులు కావాలంటే మామూలుగా విద్యార్థిని సంతకం పెట్టాలి. డగ్లస్ చూసి ఉంటే నవ్వుకునేవాడు. మా పిల్ల మూడు రోజులు బతిమాలించుకుని పెట్టింది.

"మరి నలుగురితో కలవకపోతే ఎలా?" అని మీరు అడుగుతారని తెలుసు, అందరూ అడిగేది అదే. కలవడానికి చోట్లు కొల్లలు. 4-హెచ్ అని, 1902లో ఒహాయోలో పల్లె పిల్లల క్లబ్బుగా మొదలై దేశమంతా అల్లుకున్నది ఒకటుంది. మా అబ్బాయి అందులో కోళ్లు పెంచి కౌంటీ సంతలో ప్రదర్శనకు పెట్టాడు. ఆటల్లోనే చిక్కు. ఇంట్లో చదువుకున్న టిమ్ టీబో ఫ్లోరిడాలో హైస్కూలు జట్టుకు ఫుట్‌బాల్ ఆడగలిగాడంటే అక్కడ 1996లోనే చట్టం ఉంది. 2007లో అతను కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాక మిగతా రాష్ట్రాల్లో అలాంటి బిల్లులకు అతని పేరే పెట్టారు. టెక్సస్ 2021లో సరేనంటూనే నిర్ణయం డిస్ట్రిక్టులకు వదిలింది. మా డిస్ట్రిక్టు అప్పుడు తలుపు తీయలేదు.

స్పెల్లింగ్ బీలో ఇంటి బడి పిల్లలకు పాత చుట్టరికమే. 2021లో గెలిచిన జైలా అవాంట్‌గార్డ్, లూసియానాకు చెందిన 14 ఏళ్ల నల్లపిల్ల, ఇంట్లోనే చదువుకుంది. ఒకేసారి చాలా బాస్కెట్‌బాల్స్ నేలకేసి కొట్టడంలో గిన్నిస్ రికార్డులు కూడా సాధించింది. ఆమెను గెలిపించిన మాట "ముర్రాయా". మన కరివేపాకు శాస్త్రీయ నామంలో మొదటి సగం. మా ఇంట్లో టీవీ ముందు ఎంత గోల అయిందో చెప్పలేను.

2020లో బడులు మూతపడ్డాక అంతా మారింది. బడి వయసు పిల్లలున్న ఇళ్లలో ఇంటి బడి కుటుంబాలు ఆ వసంతంలో 5.4 శాతం, శరత్కాలానికి 11.1. నల్లవారి కుటుంబాల్లో 3.3 నుంచి 16.1కి పెరిగిందని జనగణన శాఖ సర్వే చెప్పింది. ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ కథ తెలిసినవాళ్లు ఈ అంకె దగ్గర ఒక్కక్షణం ఆగాలి.

సర్కారు కన్ను అసలు ఉండొద్దనే వాళ్లతో నేను ఏకీభవించను. 2018లో కాలిఫోర్నియాలో 13 మంది తోబుట్టువుల్లో కొందరిని గొలుసులతో కట్టి, తిండి పెట్టక ఎండగట్టిన ఇల్లు కూడా కాగితాల మీద ప్రైవేటు స్కూలే. 17 ఏళ్ల అమ్మాయి కిటికీలోంచి దూకి పోలీసులకు ఫోన్ చేస్తేనే బయటపడింది. ఆ తర్వాత తనిఖీల బిల్లు పెడితే ఇంటి బడి కుటుంబాలు అసెంబ్లీ వరండాలు నిండేలా వచ్చి ఆపించాయి. ఏడాదికోసారి ఎవరైనా వచ్చి మా పిల్లలతో విడిగా పది నిమిషాలు మాట్లాడితే నాకేం నష్టం? ఈ మాట మా కో-ఆప్‌లో అంటే నాతో రెండు వారాలు ముభావంగా ఉన్నారు.

ఇప్పుడు కొత్త తగవు. ప్రైవేటు చదువులకు సర్కారు సొమ్మిచ్చే చట్టం టెక్సస్ 2025లో చేసింది. ఇంటి బడి పిల్లలకైతే ఏడాదికి 2,000 డాలర్ల దాకా. 1980ల్లో కోర్టులకెక్కిన పాతకాపులు ముట్టుకోవద్దంటున్నారు: ఇవాళ డబ్బిస్తారు, రేపు లెక్కలడుగుతారు, ఎల్లుండి పరీక్ష పెడతారు. మనం కట్టిన పన్నే కదా, పుచ్చుకుంటే తప్పేంటని మా ఆయన. అబ్బాయికి డబ్బు గోలే పట్టదు. అమ్మాయి మాత్రం ఆ సొమ్ముతో సొంత వెల్డింగ్ హెల్మెట్ కొనుక్కోవచ్చా, నిబంధనలు చదివి చెప్పమని నా మీద పెట్టింది.