షీర్ ఖుర్మా గిన్నెలో మన ఉద్దానం

రంజాన్ పండుగనాడు షీర్ ఖుర్మా కాయని ఇల్లు మనలో ఉండదు గదా! షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. రెండూ పారశీక పదాలే. ఆ గిన్నెలోని ఖర్జూరం, బాదం, కిస్మిస్ ఒకప్పుడు పడమటి దేశాల నుంచి వర్తకుల వెంట వచ్చిన సరుకులు. మరి కాజూ మాటేమిటి? అది మన పలాసదే కదా అంటాం. నిజమే గాని, దాని పుట్టిల్లు అంతకన్నా దూరం.

జీడిమామిడి బ్రెజిల్ చెట్టు. అక్కడి తూపీ జనం దాన్ని 'అకాజు' అనేవారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దాన్ని మన దేశపు పడమటి తీరానికి తెచ్చారు. ఆ పేరే ఉర్దూలో కాజూ అయింది. తెలుగువారు మాత్రం అంతకుముందే ఎరిగిన నల్లజీడిని బట్టి దీనికి పేరు పెట్టుకొన్నారు. రెండింటి పెంకులోనూ చర్మాన్ని పొక్కించే రసం ఉంటుంది మరి.

నరసన్నపేట నుంచి టెక్కలి దాటి వెళితే పలాస వస్తుంది. అక్కడి నుంచి సముద్రం దాకా ఉద్దానం. ఇతర పంటలు అంతగా పండని ఇసుక నేలల్లో కూడా జీడి నిలబడింది. పలాస, కాశీబుగ్గ కార్ఖానాలలో గింజను వేడిచేసి, పెంకు కొట్టి, పప్పు ఆరబెట్టి, పైపొర తీసి, ఏరుతారు. ఈ పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పెంకు రసానికి చేతులు పొక్కకుండా బూడిదో, నూనెో రాసుకొంటారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చింది. కొత్త మొక్క నిండు కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అంటే ఒక్క రాత్రి గాలి ఎన్నో కుటుంబాల ఏళ్ళ కష్టాన్ని పట్టుకుపోయిందన్నమాట.

ఇక బలం సంగతి. 100 గ్రాముల జీడిపప్పులో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులు, 44 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో ఎక్కువ భాగం మంచి రకమే. మెగ్నీషియం, ఇనుము, జింకు కూడా ఉన్నాయి. అయితే 550 కేలరీల దాకా ఉంటుంది కనుక రోజుకు గుప్పెడు చాలు. ఖర్జూరంలో పీచు, పొటాషియం ఉన్నా చక్కెర పాలు ఎక్కువ. మధుమేహం ఉన్నవారు లెక్క చూసుకోవాలి.

గుండు పప్పు కొనలేకపోయామని ఏ తల్లీ చిన్నబోనక్కరలేదు. ముక్క పప్పు ధర తక్కువ, బలం మాత్రం అంతే. అదీ అందకపోతే వేరుశనగ ఉంది. 100 గ్రాములకు 25 గ్రాముల మాంసకృత్తులు ఇస్తుంది.

ఈసారి పండుగ గిన్నె ఎత్తినప్పుడు, ఆ పప్పు ఒలిచిన చేతుల్ని కూడా ఒక్కసారి తలచుకుందాం.