ఎక్కువ పట్టిన డబ్బు – తిరిగి రాబట్టుకున్న చరిత్ర

మన సమాఖ్య వార్షిక నివేదికలో ప్రతి ఏడాదీ పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని లెక్కలు వేస్తాం. రికవరీ బాగుంటే గర్వంగా రాసుకుంటాం. అయితే మన ఖాతాల్లోంచి పట్టకూడని డబ్బు ఎంత పట్టారు, అందులో ఎంత తిరిగి తెచ్చుకున్నాం అనే కాలమ్ మాత్రం ఇంతవరకు మన నివేదికలో లేదు. అప్పు తీసుకున్నాక కట్టాలి, అందులో రెండో మాట లేదు. కానీ కట్టాల్సిన దానికన్నా ఎక్కువ పట్టినప్పుడు అడగడం కూడా అంతే న్యాయం. ఈ అడగడం నిన్నా మొన్నా పుట్టింది కాదు. దీనికి పెద్ద చరిత్రే ఉంది. మండల సమాఖ్య సమావేశాల్లో, న్యాయ విజ్ఞాన సదస్సుల్లో విన్నవి, చదివి తెలుసుకున్నవి కలిపి సభ్యులందరి కోసం ఇక్కడ రాస్తున్నాం.

అసలుకు మించిన వడ్డీ వద్దన్న న్యాయం

మన పెద్దవాళ్ల కాలంలో ఈపురుపాలెంలో బ్యాంకులు ఎక్కడివి? మగ్గం నేసే వాళ్లు నూలుకీ, పొలం వాళ్లు విత్తనాలకీ షావుకారు దగ్గరే నోటు రాసేవాళ్లు. వడ్డీ పెరిగి పెరిగి అసలుని మింగేసేది. దీనికి అడ్డుగా మన దేశంలో పాతకాలం నుంచీ ఒక ధర్మం ఉంది. వడ్డీ ఎంత పెరిగినా అసలుకు మించి రాబట్టకూడదు అని. దీన్ని దామ్‌దుపట్ అంటారు.

మన ఊరు అప్పట్లో గుంటూరు జిల్లా, మద్రాసు రాష్ట్రం కింద ఉండేది. 1938లో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి మిగిలి ఉన్న వడ్డీ అంతా ఆ చట్టం కొట్టేసింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే బాకీ మొత్తం తీరినట్టే అంది. వడ్డీకి ఒక హద్దు ఉంటుందని, ఆ హద్దు దాటితే చట్టం అడ్డుపడుతుందని మన జిల్లా రైతులు చూసింది అప్పుడే.

బ్యాంకుల కాలం వచ్చాక

1969లో పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేశాక అవి పల్లెలకు వచ్చాయి. షావుకారు నోటు పోయి పాసుబుక్కు వచ్చింది. లెక్క మాత్రం మనకి అర్థం కాకుండానే ఉండిపోయింది.

1984లో బ్యాంకుల చట్టంలో 21ఏ అనే సెక్షన్ చేర్చారు. బ్యాంకు వడ్డీ రేటు మరీ ఎక్కువగా ఉందన్న కారణంతో కోర్టులు ఆ లెక్కను తిరగదోడకూడదు అని దాని అర్థం. ఇంక అడగడానికి ఏం లేదు అనిపిస్తుంది. కానీ ఒక దారి మిగిలింది. కర్ణాటకలో గౌడ అనే ఆయన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కార్పొరేషన్ బ్యాంకుకీ ఆయనకీ మధ్య ఆ కేసులో 1994లో తీర్పు వచ్చింది. రైతుకి డబ్బు పంట చేతికొచ్చినప్పుడే వస్తుంది, కాబట్టి వ్యవసాయ అప్పు మీద మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ వేయకూడదు అని తేలింది. రిజర్వు బ్యాంకు ఆదేశాలకు విరుద్ధంగా ఎక్కువ వడ్డీ పడితే కోర్టు చూస్తుంది అని కూడా తేలింది. 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇంకో మాట చెప్పింది. ఆలస్యానికి వేసే అపరాధ వడ్డీని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు అని.

సభ్యులు ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోవాలి. "మీ వడ్డీ ఎక్కువండీ" అంటే బ్యాంకు వినదు, కోర్టూ వినదు. "మీరు ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ పట్టారు, రిజర్వు బ్యాంకు వద్దన్నది పట్టారు" అంటే వినాలి. ఈ రెండు మాటలకీ చాలా తేడా ఉంది.

పావలా వడ్డీ నేర్పిన పాఠం

మన రాష్ట్రంలో పొదుపు సంఘాలకు 2004 నుంచి పావలా వడ్డీ పథకం వచ్చింది. నూటికి నెలకి పావలా అంటే ఏడాదికి మూడు రూపాయలు. అంతకు మించిన వడ్డీని ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. 2012 జనవరి నుంచి అది వడ్డీ లేని రుణం అయ్యింది. వాయిదాలు సక్రమంగా కట్టిన సంఘానికే అది వర్తించేది. బ్యాంకు ముందు వడ్డీ పట్టుకునేది, ప్రభుత్వం నుంచి తర్వాత వచ్చేది. ఎంత పట్టారు, ఎంత రావాలి, ఎంత వచ్చింది అని చూసుకోవడం బుక్‌కీపర్లకి, లీడర్లకి అప్పుడే అలవాటైంది. పుస్తకాలు సరిగ్గా రాసుకున్న సంఘాలు "మాకు ఇంకా ఇంత రావాలి" అని కాగితం చూపించి అడగగలిగాయి. రాయని సంఘాలు వచ్చిందే తీసుకుని ఊరుకున్నాయి.

మైక్రోఫైనాన్సు రోజులు

అదే కాలంలో వారం వారం కిస్తీ కట్టించుకునే మైక్రోఫైనాన్సు కంపెనీలు గడప గడపకీ వచ్చాయి. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు, అది తీర్చడానికి మరొకటి. కట్టలేని వాళ్ల ఇంటి ముందు తోటి సభ్యుల్నే కూర్చోబెట్టేవాళ్లు. 2006లో కృష్ణా జిల్లాలో గొడవ ముదిరి, అధికారులు ఆ కంపెనీల బ్రాంచీలు సుమారు 50 మూయించారు. 2010లో అప్పుల వేధింపుతో ఆత్మహత్యలు జరిగాయని రాష్ట్రమంతా అల్లకల్లోలం అయ్యాక అక్టోబరు 15న ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో అది చట్టం అయ్యింది.

ఆ చట్టంలో 1938 నాటి న్యాయం మళ్లీ కనిపిస్తుంది. వడ్డీ అసలుకు మించకూడదు. అసలుకు రెండింతలు కట్టేసి ఉంటే అప్పు తీరినట్టే. ఇంకా ఎక్కువ కట్టి ఉంటే, ఆ ఎక్కువ సొమ్ము తిరిగి పొందే హక్కు అప్పు తీసుకున్న వాళ్లకి ఉంది. తిరిగి ఇవ్వాలి అన్న మాట చట్టంలో పేదవాళ్ల కోసం అంత స్పష్టంగా రాయడం చిన్న సంగతి కాదు.

తర్వాత పరిస్థితి మారింది. రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఫైనాన్సు కంపెనీలకు రాష్ట్రాల వడ్డీ వ్యాపార చట్టాలు వర్తించవని 2022లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మైక్రోఫైనాన్సు చట్టం విషయంలో 2023లో తెలంగాణ హైకోర్టు కూడా అదే దారిలో తీర్పు ఇచ్చింది. కాబట్టి అలాంటి కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే ఇప్పుడు రిజర్వు బ్యాంకు నిబంధన పట్టుకునే అడగాలి.

చిన్న చిన్న కోతలు

వడ్డీ ఒక్కటే కాదు, ఛార్జీలు కూడా ఉన్నాయి. 2017లో స్టేట్ బ్యాంకు ఖాతాలో కనీస నిల్వ లేకపోతే జరిమానా వేసింది. ఏప్రిల్ నుంచి నవంబరు లోపల అలా వచ్చింది 1,771 కోట్ల రూపాయలు. జులై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలల్లో ఆ బ్యాంకుకి వచ్చిన లాభం కన్నా అది ఎక్కువ. దేశమంతా విమర్శ వచ్చాక జరిమానా తగ్గించారు, 2020 మార్చిలో పొదుపు ఖాతాలకు ఎత్తేశారు.

జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాల సంగతి ఇంకా బాధ. నెలకి నాలుగు సార్లు దాటి డబ్బు తీస్తే, డిజిటల్‌గా చెల్లించినా సరే, ఒక్కోదానికి 17 రూపాయల 70 పైసలు పట్టారు. 15 రూపాయల ఛార్జీ, 2 రూపాయల 70 పైసల పన్ను. ఐఐటీ బొంబాయి ఆచార్యులు ఒకరు ఈ లెక్క బయటపెట్టారు. రూపే, యూపీఐ చెల్లింపుల మీద 2020 జనవరి 1 నుంచి పట్టిన ఛార్జీలు తిరిగి ఇచ్చేయమని అదే ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు బ్యాంకులకు చెప్పింది. అడిగిన మనిషి ఒక్కరే అయినా తిరిగి వచ్చిన డబ్బు ఎంతోమంది పేదవాళ్లది.

కరోనా కాలంలో వాయిదాలు ఆపుకున్న ఆరు నెలలకి వడ్డీ మీద వడ్డీ వేయకూడదని, వేసింది తిరిగి ఇవ్వాలని లేదా తర్వాత వాయిదాలో తగ్గించాలని 2021 మార్చి 23న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

ఇంగ్లండులో ఏం జరిగింది

ఇలా అడగడం మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 2006 ప్రాంతంలో మామూలు ఖాతాదారులు, ఖాతాలో డబ్బు చాలనప్పుడు వేసిన భారీ ఛార్జీలు తిరిగి ఇవ్వమని బ్యాంకులకు ఉత్తరాలు రాశారు. ఇవ్వకపోతే చిన్న దావాల కోర్టులో లాయరు లేకుండానే దావా వేశారు. చాలా బ్యాంకులు విచారణ దాకా రాకుండా డబ్బు ఇచ్చేశాయి. అయితే 2009 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు బ్యాంకుల వైపు తీర్పు ఇవ్వడంతో ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. ముందే అడిగిన వాళ్లకి వచ్చింది, తర్వాత చూద్దాంలే అనుకున్న వాళ్లకి రాలేదు.

మన సంఘాలకు పనికొచ్చే నిబంధనలు

రిజర్వు బ్యాంకు 2020 సెప్టెంబరు ఆదేశాల ప్రకారం 25,000 రూపాయల లోపు ప్రాధాన్య రంగ అప్పు మీద సర్వీసు ఛార్జీ, ఇన్‌స్పెక్షన్ ఛార్జీ వేయకూడదని ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు పెంచారు. పొదుపు సంఘానికి ఈ హద్దు ఒక్కో సభ్యురాలికి లెక్క, సంఘం మొత్తానికి కాదు. పదిమంది సంఘానికి 2 లక్షలు ఇస్తే మనిషికి 20,000 పడుతుంది. అంటే ఛార్జీ పడకూడదు. మా దగ్గర ఒక సంఘానికి సరిగ్గా ఇలాగే 590 రూపాయలు రెండుసార్లు కోశారు. లీడరు, బుక్‌కీపరు కలిసి ఆ నిబంధన రాసి అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నారు. మూడు వారాల్లో 1,180 రూపాయలు ఖాతాలో జమ అయ్యింది. మనిషికి 118 రూపాయలు. చాలామందికి అది ఒక నెల పొదుపు కన్నా ఎక్కువ.

2024 ఏప్రిల్ 29న రిజర్వు బ్యాంకు ఇంకో లోపం ఎత్తిచూపింది. కొన్ని సంస్థలు డబ్బు చేతికి ఇచ్చిన రోజు నుంచి కాకుండా లోను మంజూరైన రోజు నుంచే వడ్డీ వేస్తున్నాయి. నెల మధ్యలో ఇచ్చినా నెలంతటికీ వడ్డీ వేస్తున్నాయి. అలా పట్టింది తిరిగి ఇవ్వమని చెప్పింది. ఇది మనకెంత అని అనుకోవద్దు. 5 లక్షల లోను ఏడు శాతం వడ్డీకి తీసుకుంటే రోజుకి దాదాపు 96 రూపాయల వడ్డీ. మంజూరైన 12 రోజులకి డబ్బు పడితే తేడా 1,150 రూపాయలు.

2024 ఏప్రిల్ నుంచి కొత్త అప్పుల మీద అపరాధ వడ్డీ వేయకూడదు. ఆలస్యానికి ఛార్జీ మాత్రమే వేయాలి, దాన్ని అసలులో కలిపి వడ్డీ లెక్కకట్టకూడదు.

అడిగే వరస

ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని అర్థం కాని ప్రతి కోత కింద గీత గీయాలి. తేదీ, మొత్తం, ఏ నిబంధనకి విరుద్ధమో రాసి మేనేజరుగారికి అర్జీ ఇవ్వాలి. నకలు మీద ముద్ర, తేదీ తప్పనిసరి. మాటతో అడిగింది గాల్లో పోతుంది.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయాలి. 1995లో మొదలైన ఈ ఏర్పాటుని 2021 నవంబరు 12న దేశమంతటికీ ఒకటే చేశారు. ఖర్చు లేదు. 14448కి ఫోను చేసి అడగొచ్చు. కాగితం మీద రాసి చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. బ్యాంకు జవాబు వచ్చిన ఏడాది లోపల పంపాలి.

అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. రెండేళ్ల లోపల వెళ్లాలి. మీరు వ్యాపారం కోసం తీసుకున్నారు కదా అని బ్యాంకు వాదించొచ్చు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం చేసుకునే పనికి చట్టంలో మినహాయింపు ఉందని మనం చెప్పాలి. లాయరు కావాలనుకుంటే చీరాల కోర్టులోని మండల న్యాయ సేవల కమిటీని అడగొచ్చు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు.

అడిగితే రేపు లోను ఇవ్వరేమో అని చాలామందికి భయం. ఆ భయం ఉత్తదేం కాదు. అందుకే ఒక్క సంఘం ఒంటరిగా వెళ్లకుండా గ్రామ సమాఖ్య తీర్మానం జతచేసి అర్జీ ఇవ్వాలి. వాయిదాలు సక్రమంగా కట్టే సంఘం, లెక్క పుస్తకం చేత్తో పట్టుకుని మర్యాదగా అడిగితే కాదనడం కష్టం.

వచ్చే ఏడాది నుంచి ప్రతి సంఘం మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ తెచ్చి నెల సమావేశంలో గట్టిగా చదివించాలని కోరుతున్నాం. పట్టకూడనివి ఎంత పట్టారు, ఎంత తిరిగి వచ్చింది అన్న కాలమ్ రిజిస్టరులో గీసుకోండి. వచ్చే నివేదికలో అన్ని సంఘాల లెక్కా కలిపి అచ్చు వేద్దాం.