పాత చెక్క తలుపులు కొంటున్నారా? రేటు ఒక్కటే చూస్తే బుక్కైపోతారు.. ఇవి చెక్ చేసుకోండి!

కొత్త టేకుతో గదుల తలుపులు చేయిస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే చాలామంది కూల్చిన ఇళ్ల నుంచి వచ్చే పాత తలుపుల వైపు చూస్తున్నారు. లుక్ బాగుంటుంది, చెక్క కూడా గట్టిది. కానీ చూడకుండా తెచ్చుకుంటే డబ్బుతో పాటు ఆరోగ్యానికీ ఇబ్బందే.

కొలతలు ముందు
ద్వారబంధం లోపలి వెడల్పును పైన, మధ్యలో, కింద కొలవండి. ఎత్తును రెండు పక్కలా చూడండి. తక్కువ వచ్చిన కొలతే లెక్క. కాస్త పెద్ద తలుపును అంచున చెక్కించి సరిచేసుకోవచ్చు. చిన్నదాన్ని పెంచడం కష్టం. మరీ ఎక్కువ కోయిస్తే మూలల అతుకులు వదులవుతాయి.

చెద, పుచ్చు ఉందా?
సన్నని రంధ్రాలు, వాటి కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పురుగు ఇంకా ఉన్నట్టే అనుకోవాలి. అలాంటిది ఇంట్లోకి తేవద్దు. తలుపు కింది అంచును స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే వదిలేయండి. చేవ ఉన్న టేకు చెదను బాగా తట్టుకుంటుంది. అంచుల్లో ఉండే తెల్లచెక్క తట్టుకోలేదు.

పాత పెయింట్‌తో జాగ్రత్త
ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదనే రూల్ మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. ఆ పొడి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పొడిగా గీకడం, మంటతో కాల్చడం వద్దు. ఆరుబయట, తడిపి, ఎన్95 మాస్క్ పెట్టుకుని గీకించండి. పిల్లలు, గర్భిణులను దూరంగా ఉంచండి. రాలిన పెచ్చులను కవర్లో కట్టేయండి.

కొత్తగా చేయిస్తే..
నిలువు పలకలు, వెనక మూడు అడ్డపట్టీలు, మధ్యలో ఏటవాలు పట్టీలతో చేసే పలకల తలుపు తేలికైన పని. టేకు బదులు వేప, మామిడి చెక్క వాడితే ఖర్చు తగ్గుతుంది. చెక్క మాత్రం బాగా ఆరినదై ఉండాలి. ఏటవాలు పట్టీ బందుల వైపు కింద మొదలై, గడియ వైపు పైకి వెళ్లాలి. తిరగేసి కొడితే తలుపు నెమ్మదిగా వాలి నేలకు రాసుకుంటుంది. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది కాబట్టి పలకల మధ్య సన్నని సందు వదలాలి. బాత్రూమ్‌కు ఇది పనికిరాదు, అక్కడ పీవీసీ తలుపు మేలు.

అసలు లెక్క ఇదీ
తమిళనాడులోని కారైకుడి లాంటి చోట్ల పాత తలుపులను యాంటిక్ పేరుతో అమ్ముతారు. అక్కడ నగిషీ పనిని బట్టి రేటు ఉంటుంది. లోపలి గదులకు సాదా తలుపు చాలు. తలుపు ధరకు రవాణా, కార్పెంటర్ కూలీ, బందులు, గడియ, పాలిష్ కలపండి. బరువైన తలుపుకు రెండు కాదు, మూడు బందులు కావాలి. ఈ మొత్తాన్ని కొత్త తలుపు ఖర్చుతో పోల్చి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.